నీళ్లు, నీడ, గోడ

గురవమ్మ నా కాటాను నమ్మదు. నేను గంప కాటా మీద పెడితే ఆమె అంకెల వైపు చూడదు, నా చేతివేళ్ల వైపు చూస్తుంది. పాత తరాజు ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడు ఎర్రటి అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా వచ్చినా అంతే. "అంకెలకేం తెలుసు బాషా, నువ్వు నేర్పిందే అవి చెప్తాయి" అంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఏం చేస్తాం, ఆ పాళెంలో ఆమెలాగా నెత్తళ్ల చేపలు ఎండబెట్టేవాళ్లు ఇంకొకరు లేరు. ఇసుక రేణువు తగలదు, పట్టుకుంటే కరకరలాడతాయి. అందుకని తిట్టుకుంటూనే కొంటాను.

నా పేరు చాంద్ బాషా. కోవూరు బజారులో మాది ఎండుచేపల అంగడి. వారం వారం ట్రాలీ ఆటో వేసుకుని, వరి మళ్లు దాటి, రొయ్యల గుంటలు దాటి, సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల ఊరు తూర్పుమెరక పట్టపుపాళేనికి పోతాను. పేరులో ఉన్న మెరక నిజంగానే ఉంది. పాళేనికీ సముద్రానికీ నడుమ ఎత్తయిన ఇసుక నేల అది. వాన కురిసి ఊరంతా బురదైనా మెరక మాత్రం పూట తిరిగేలోగా ఆరిపోతుంది. చేపలు ఎండేసేది అక్కడే. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఊరి ఆడవాళ్లందరిదీ. తల్లి ఎండేసిన పట్టీలో కూతురో, అత్త ఎండేసిన పట్టీలో కోడలో ఎండేసుకుంటారు. హద్దులకు ఆలిచిప్పలు పాతి ఉంటాయి. వేట మగవాళ్లది, మెరక ఆడవాళ్లది. మొగుడు మాల్యాద్రి పోయాక గురవమ్మకు ఆ పట్టీ తప్ప వేరే ఆధారం లేదు.

మెరక మీద బయటివాళ్లకు చోటివ్వకూడదని ఊరి దురాయి. పట్టపుపాళేల్లో పెద్దమనుషులను కాపులంటారు, ఆ కాపులు కూర్చుని వేసే కట్టుబాటును దురాయి అంటారు. సర్కారు మాటకు ఎదురు చెప్పినా చెప్తారు గాని దురాయి దాటరు. అయితే మెరకకు దక్షిణపు కొసన ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి తాళం ఉండేది. ఆ తాళంచెవి నా జేబులో ఉండేది. కొన్న సరుకు అందులో పెట్టుకుని, వీలు చూసుకుని కోవూరుకు తోలుకునేవాణ్ణి. అది నాకు ఎట్లా వచ్చిందో ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

తప్పంతా పాత కాగితాలది. ప్లాస్టిక్ కవర్లు వాడొద్దని పట్టు పెరిగాక, చిల్లరగా అమ్మే ఎండుచేపలు పొట్లం కట్టుకోవడానికి ఆడవాళ్లు కాగితాలు అడిగారు. నెల్లూరులో పాత పేపర్ల అంగడి నుంచి నేనే కట్టలు తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఆ కట్టల్లో, ఎక్కడో మూతపడ్డ కాన్వెంటు లైబ్రరీ పుస్తకాలు వచ్చాయి. పలచటి పుస్తకాలు, మెరిసే కాగితం, లోపలంతా రంగు బొమ్మలు. పిల్లలకు ప్రపంచ చరిత్రను బొమ్మల్లో చెప్పే పుస్తకాలు అవి. మెరిసే కాగితం నూనె పీల్చదు, పొట్లానికి పనికిరాదు. "ఉంటే ఉండనీ" అని గురవమ్మకు పడేశాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది.

గురవమ్మకు అక్షరాలు వచ్చు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, నెల్లూరు జిల్లా అంతా రాత్రిబడులు పెట్టినప్పుడు నేర్చుకుంది. ఆ వెంటనే సారా మీద ఆడవాళ్ల పోరాటం వచ్చింది. సారా కొట్టు ముందు చీపుర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆ తర్వాత చదవడానికి ఏమీ లేక, నేర్చిన అక్షరాలు బస్సు బోర్డులకూ రేషన్ అంగడి గోడకూ సరిపోయాయి. ఇన్నేళ్లకు బొమ్మల పుస్తకాలు చేతికొస్తే ఆమె చింపుతుందా? న్యూస్ పేపర్లతో పొట్లాలు కట్టుకుని, పుస్తకాలన్నీ తన ఇంటి చూరులో దోపుకుంది. మధ్యాహ్నం పూట కాకులను అదిలిస్తూ, చేపలకు కాపలా కూర్చుని, కూడబలుక్కుని చదివేది.

ఆమె చదివిన చరిత్రకు వరుస లేదు. నేను తెచ్చిన కట్టలో ఏది ముందు దొరికితే అది ముందు. కొన్ని పుస్తకాలకు మొదలు లేదు, కొన్నింటికి చివర లేదు. పిరమిడ్లకు రాళ్లు లాగినవాళ్లూ, రోము సైనికులూ, గుర్రాలెక్కి వచ్చిన మంగోలులూ అందరూ ఆమె లెక్కలో ఒక్క కాలంవాళ్లే, నిన్నమొన్న పక్క పాళెంలో ఉన్నవాళ్లే. పైగా ప్రతిదానికీ ఒక అనుమానం.

"ఆ చైనాలో అంత గోడ కట్టినారే, కట్టినోళ్లకి కూడు పెట్టినారా లేదా? రాయలేదు. ఎందుకు రాయలేదంటావు?"

"నాకేం తెలుసక్కా, నేనేమన్నా మేస్త్రీనా?"

"రాయలేదంటే పెట్టలేదనే."

ఒకరోజు నేను సరుకు తూకం వేస్తుంటే ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఒక ఓడ ఒడ్డుకు వచ్చి ఉంది. ఈకల టోపీ పెట్టుకున్న కెప్టెను చేతులు చాచి నిలబడ్డాడు. ఎదురుగా ఆ ఊరివాళ్లు పళ్లూ చేపలూ పట్టుకుని నవ్వుతున్నారు.

"ఇది చూడు బాషా. ఈ తోకుండే బుడగలో రాసింది నోటితో అన్నమాట. ఈ మబ్బు మాదిరి ఉండేదాంట్లో రాసింది మనసులో అనుకున్నమాట. నేను చానా రోజులు రెండూ ఒకటే అనుకున్నా."

కెప్టెను బుడగలో 'మేము మీ స్నేహితులం' అని ఉంది. మబ్బులో 'వీళ్ల దగ్గర ఎంత బంగారం!' అని ఉంది.

"అంటే మనిషన్నోడికి రెండు ఉంటాయి. ఒకటి మనకి కనపడదు. బొమ్మలేసినోడికి మాత్రం కనపడతాది" అంది గురవమ్మ. అని ఊరుకుంటే బాగుండేది. తల పైకెత్తి, నా నెత్తికి జానెడు పైన ఉన్న గాలిలోకి చూసింది. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. రేషన్ డీలరుతో మాట్లాడినా, ఐస్ అమ్మేవాడితో మాట్లాడినా, వాళ్ల మొహం వైపు కాక నెత్తి పైకి చూసేది. అనుమానం పెనుభూతమంటారు. ఈమె దగ్గర ఆ భూతానికి కూర్చునేందుకు చోటు కూడా దొరికింది.

ఆమెను అన్నిటికంటే పీడించింది ఒక రాజు కథ. అమెరికా ఖండంలో కొండల మీది రాజు. సముద్రం దాటి వచ్చినవాళ్లు ఆయన్ని పట్టుకుని గదిలో పెట్టారు. "నన్ను వదిలితే ఈ గది నిండా బంగారం పోయిస్తాను" అన్నాడు ఆ రాజు. ఊళ్ల నుంచి జనం బంగారం మోసుకొస్తున్నారు, గది నిండుతోంది, నిండింది. అక్కడికి పేజీ అయిపోయింది. చివరి పేజీ లేదు. గురవమ్మ ఇంట్లో లేనప్పుడు పక్కింటి కామాక్షమ్మ, మెరిసే కాగితమని కూడా చూడకుండా, ఆ పేజీని చింపి ఎవరికో కానాగంత చేపలు పొట్లం కట్టి ఇచ్చేసింది. దాని మీద ఇద్దరికీ మాటలు కూడా ఆగిపోయాయి.

"ఆ రాజు ఏమైనాడు బాషా?" అని నన్ను అడిగింది.

ఎండలో నిలబడి ఉన్నాను, ఆటోకు టైరు గాలి పోయింది, నాకు రాజుల సంగతి ఎందుకు? "మాట ప్రకారం వదిలేసుంటార్లే" అన్నాను.

"వదిలేసినారని ఎట్ట తెలుసు?"

"బంగారం ముట్టింది గదా, ఇంక ఆయన్ని ఏం చేసుకుంటారు?"

గురవమ్మ నా నెత్తి పైకి చూసి పుస్తకం మూసింది.

సుశీల్ కుమార్ నా జీవితంలోకి వచ్చింది ఆ తర్వాతే. మా అంగడికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. రొయ్య పిల్లలను పెంచే హేచరీ కంపెనీలో మేనేజరు. "తూర్పుమెరకలో మీకు మంచి పలుకుబడి ఉందంట గదా అన్నా. మీ షెడ్డు కూడా అక్కడే ఉందంట" అన్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు పలుకుబడి ఉందని అన్నవాడు అతనొక్కడే. నా భార్య ఖుర్షీదా కూడా ఎప్పుడూ అనలేదు. తర్వాతి వారం ఆటోలో నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయి, కాపుల్లో ముఖ్యుడైన సుబ్బుకు పరిచయం చేశాను. సుబ్బు అంటే గురవమ్మకు మరిది, మాల్యాద్రి తమ్ముడు.

మొదటిరోజు సుశీల్ కుమార్ ఏమీ అడగలేదు. పరీక్షకు పంపాలని సీసాల్లో సముద్రం నీళ్లు పట్టుకున్నాడు, అంతే. గురవమ్మ చేపలు తిరగేస్తూ చూస్తూ ఉంది. ఇంకోసారి వచ్చినప్పుడు, నీళ్లు పరీక్ష చేసే సామాను ఎండకు పాడవుతోందని, మెరక మీద చిన్న టెంటు వేసుకుంటామన్నాడు. సుబ్బు సరేనన్నాడు. టెంటు వెలిసింది.

ఆ రోజు గురవమ్మ నాకు సరుకు అమ్మింది. తూకం అయ్యాక ఒక్క మాట అంది.

"గోడ ఎప్పుడు కడతాడు సాయిబూ?"

నాకు చురుక్కుమంది. ఎప్పుడూ బాషా అని పిలిచే మనిషి. ఆ పాళెంలో నన్ను సాయిబూ అని పిలిచేవాళ్లు ఉన్నారు, నేనేమీ అనుకోను. కానీ గురవమ్మ నోటి నుంచి ఆ పిలుపు నేనెప్పుడూ వినలేదు. ఎవరు ఏం నూరిపోశారు ఈమెకు అనుకున్నాను.

"ఏంది అక్కా, కొత్తగా పిలుస్తుండావు?"

"కూర్చో, చెప్తా" అని చూరులోంచి పుస్తకాలన్నీ తీసి ఇసుక మీద పరిచింది. వేలుతో ఒక్కొక్క బొమ్మ చూపించుకుంటూ పోయింది. ఆఫ్రికా కొసన ఓడ ఆగింది. ఓడవాళ్లు మంచినీళ్లూ కూరగాయలూ అడిగారు. తర్వాతి పేజీలో జబ్బుచేసిన నావికులకు గుడిసెలు వేసుకుంటామన్నారు. దాని తర్వాత కోట. ఇంకో పుస్తకంలో చలికి వణికిపోతూ దిగినవాళ్లకు ఆ నేలవాళ్లు తిండి పెట్టి, మొక్కజొన్న ఎట్లా వేయాలో నేర్పారు. నాలుగు పేజీలు తిప్పితే నేలవాళ్లు లేరు, కంచెలు ఉన్నాయి.

"ఏ ఊర్లో చూసినా ఇంతే. ముందు నీళ్లు అడగతారు. తర్వాత నీడ అడగతారు. ఆ తర్వాత అడగరు, గోడ కట్టేస్తారు. మన దిక్కు ఎవరూ రాలేదా? ప్రపంచమంతా వేసినోళ్లు మన ఒడ్డు ఎందుకు వెయ్యలేదు?"

దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు మద్రాసు కంటే ముందే దిగారనీ, పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టారనీ మా అమ్మాయి హీనా ఎప్పుడో చెప్పింది. అదే చెప్పాను.

"చూసినావా!" అంది గురవమ్మ. "ముందు ఏమడిగినారంట?"

"నాకేం తెలుసక్కా? నేనున్నానా?"

"నువ్వు ఇక్కడికి మొదటిసారి వొచ్చినప్పుడు ఏమడిగినావు?"

నాకు గుర్తులేదు. ఆమెకు గుర్తుంది.

"నీళ్లు. నేనే చెంబుతో ఇచ్చినా. తర్వాత, గంపలకి ఎండ తగలతా ఉండాదన్నావు. మా ఆయన తాటాకుతో పందిరేసి ఇచ్చినాడు. ఆ తర్వాత వానకి తడిసిపోతున్నాయని రేకులేసినావు, గోడ లేపినావు, తాళమేసినావు. ఆ తాళం ఎందుకేసినావో నిన్నెవరూ అడగలేదు."

నా కోపం నషాళానికి అంటింది. "నేనూ ఆ తెల్లోళ్లూ ఒకటేనా? మాల్యాద్రన్నకి గుండెనొప్పి వొస్తే నెల్లూరికి నా ఆటోలో ఏసుకుపోయింది ఎవరు? తుఫానప్పుడు ఈ పాళేనికి బియ్యం మోసింది ఎవరు?"

"నువ్వే. కాదన్నానా? మంచోడివే" అంది, గొంతు పెంచకుండా. "ఆ బొమ్మల్లో గూడా మంచోళ్లు ఉండారు సాయిబూ. వాళ్ల పడవలోనే మిగతావోళ్లు వొచ్చినారు."

అక్కడి నుంచి కోవూరు దాకా ఆటో తోలుతూ గురవమ్మను తిట్టాను. నా పక్క సీటు ఖాళీగా ఉంది, దానిలో సుశీల్ కుమార్ కూర్చున్నట్టే ఉంది. బాధ వేసింది, దాచుకోను. ఇన్నేళ్లు రాకపోకలున్న చోట నేను ఈకల టోపీవాణ్ణయ్యాను. తర్వాత బాధ పోయి అనుమానం మొదలైంది. షెడ్డు ఉన్న చోటు మెరకలో అన్నిటికంటే ఎత్తైన కొస. అక్కడ చేపలు ముందు ఆరుతాయి. గురవమ్మ కన్ను దాని మీద పడిందా? చరిత్ర, గిరిత్ర అని చెప్పి నా చోటు కొట్టేయాలని చూస్తోందా? కోవూరులో బండి ఆపేసరికి నాకు అదే నిజమని రూఢి అయిపోయింది.

ఇంట్లో అన్నం తింటూ హీనాను ఆ రాజు సంగతి అడిగాను. హీనా నెల్లూరులో డిగ్రీ చదువుతోంది. ఫోనులో వెతికి, "గది నిండా బంగారం ఇచ్చినాక కూడా చంపేశారు నాన్నా" అంది.

"మాటిచ్చి కూడానా?"

"మాటిచ్చి కూడా. ఎందుకు నాన్నా, నీకేమైంది?"

నాకేమీ కాలేదని చెప్పి చేయి కడుక్కున్నాను.

మళ్లీ వారం వేటకు పోని రోజున కాపులు పోలేరమ్మ గుడి ముందు కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. ఆడవాళ్లు పంచాయితీలో మాట్లాడకూడదు, దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు. సుశీల్ కుమార్ కుర్చీలో కూర్చోకుండా అందరితో పాటు ఇసుకలోనే కూర్చున్నాడు. మెరకలో సగం హేచరీకి ఇస్తే పాళేనికి చేపల వేలం షెడ్డు కట్టిస్తామన్నాడు, పిల్లలకు పనులిస్తామన్నాడు, గుడికి స్లాబు వేయిస్తామన్నాడు. అబద్ధమో నిజమో నాకు తెలియదు, ఈ రోజుకీ తెలియదు. అతను మాట్లాడుతున్నంతసేపూ నేను నాకు తెలియకుండానే అతని నెత్తి పైకి చూస్తున్నాను. ఏమీ కనిపించలేదు.

ఒక ముసలి కాపు, "బయటోళ్లకి మెరక ఇయ్యగూడదని దురాయి ఉండాది గదా" అన్నాడు.

అప్పుడు సుబ్బు నా వైపు తిరిగాడు. "ఉండాది, నిజమే. మరి బాషన్నకి ఇచ్చినాం గదా? ఆయన గోడ కట్టినాడు, తాళం గూడా ఏసుకున్నాడు. ఊరు మునిగిపోయిందా? ఆ దురాయి ఆనాడే పాయ. ఒకరికిచ్చి ఇంకొకరికి ఇయ్యమనేది ఏం న్యాయం? పోలేరమ్మ ఒప్పుకుంటాదా?"

అందరూ నా వైపు చూశారు. సుశీల్ కుమార్ నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. మీ షెడ్డు కూడా అక్కడే ఉందంట గదా అన్నా అని అతను మొదటిరోజే అన్నమాట అప్పుడు గుర్తుకొచ్చింది. నా ఆటో ఎందుకెక్కాడో, కోవూరులో ఇంతమంది వ్యాపారులుండగా నా అంగడికే ఎందుకొచ్చాడో అర్థమైంది. అతనికి నా పలుకుబడి అక్కర్లేదు, నా గోడ కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ కూర్చుని మాట తేల్చేస్తామని చెప్పి కాపులు లేచారు.

నేను మెరక మీద షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాను. ఎండ మాడు పగలగొడుతోంది. గురవమ్మ వెనకాలే వచ్చింది.

"ఆ రాజు ఏమైనాడు?" అంది. "ఈసారి నిజం చెప్పు."

"చంపేసినారక్కా."

"గది నిండా పోసినాక గూడానా?"

"పోసినాక గూడా."

ఆమె సముద్రం వైపు తిరిగింది. చుట్టం పోయిన వార్త విన్నట్టే ఉంది ఆమె మొహం. "నాకు తెలుసు. అయినా ఎవరో ఒకరు చెప్పాల గదా" అంది. తర్వాత షెడ్డు వైపు తల తిప్పింది.

"దీన్ని పీకెయ్. కాపులు మళ్లా కూర్చునేలోగా. ఇది లేకపోతే మా మరిదికి చెప్పేదానికి మాట ఉండదు."

 షెడ్డు లేకపోతే నా వ్యాపారం ఏమిటి? కొన్న సరుకు కొన్నట్టు అప్పటికప్పుడే మోసుకుపోవాలి. వాన పట్టుకుంటే తడిసిన చేప నా నెత్తినే పడుతుంది. చోటు లేని నన్ను తోసేసి ఇంకొక వ్యాపారి రావడం ఎంతసేపు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఈ ఊరి మెరక ఈ ఊరివాళ్లే ఇచ్చుకుంటే నాకేం పోయింది? ఇవన్నీ ఆలోచించి, పైకి మాత్రం వేరే మాట అన్నాను.

"నిజం చెప్పక్కా. నీకు ఈ చోటు కావాలి, అంతేనా?"

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నా నెత్తి పైకి చూసింది, ఎప్పటిలాగే.

"నీ మబ్బు నాకు కనపడదు. నా మబ్బు నీకూ కనపడదు. పీకితే పీకు, లేకుంటే లేదు. ఇది పోతే నా పట్టీ పోతాది, నా పట్టీ పోతే నేను యాడికి పోవాలో ఆ పుస్తకాల్లో యాడా రాయలేదు" అని వెళ్లి తన చేపల దగ్గర కూర్చుంది.

వెనక్కి చూడకుండా వెళ్లింది. బతిమాలి ఉంటే నేను పీకేవాణ్ణి కాదేమో. ఆటోలోంచి స్పానరూ సుత్తీ తీసుకుని, తాళం తీసి, పైకెక్కాను. ఉప్పుగాలికి బోల్టులన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి ఊడబెరికాను. మొదటి రేకు కింద పడిన చప్పుడుకు ఆడవాళ్లు చేరారు.  కామాక్షమ్మ ఒక కొస పట్టుకుంది, ఇంకొకామె ఇంకో కొస, రేకులు ఆటో దాకా మోశారు. గోడ ఇటుక మీద ఇటుక పేర్చినదే, సిమెంటు అంతంత మాత్రం. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిస్తే ఒరిగిపోయింది.

గోడ అడుగున ఇసుకలో తెల్లగా ఏదో మెరిసింది. వంగి చూశాను. ఆలిచిప్పలు. వరుసగా పాతిన హద్దుచిప్పలు. గోడ కింద నుంచి షెడ్డు మధ్యకు, అక్కడి నుంచి అవతలి గోడకు పోతున్నాయి.

"ఇది ఎవరి పట్టీ?" అని కామాక్షమ్మను అడిగాను.

"ఎవరిదేంది? గురవమ్మ అత్తది. గురవమ్మదే. మాల్యాద్రి నీకు పందిరేసి ఇచ్చింది వాళ్ల సొంత పట్టీలోనే. మిగతాది ఆ పక్కన ఉండేది, చిన్నముక్క. దాంట్లోనే ఆమె ఇన్నేళ్లు ఎండేసుకుంటా ఉండాది" అంది ఆమె.

నేను సుత్తి కింద పెట్టి గురవమ్మ వైపు చూశాను. ఆమె కాకిని అదిలిస్తోంది.

మధ్యాహ్నం కాపులు కూర్చున్నారు. సుబ్బు మళ్లీ నా షెడ్డు మాట ఎత్తబోయి, మెరక వైపు చేయి చూపి, చేయి అట్లాగే ఆపేశాడు. అక్కడ షెడ్డు లేదు. ముసలి కాపు, "దురాయి దురాయే. టెంటు గూడా తీసెయ్యండి" అన్నాడు. సుబ్బు నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. సుశీల్ కుమార్ మాత్రం టెంటు మడిచి, ఎప్పటిలాగే మెత్తగా, "అన్నా, కోవూరు దాకా దింపుతారా?" అన్నాడు.

"చోటు లేదు, రేకులున్నాయి" అన్నాను. అది నిజమే.

తర్వాతి వారం నేను పోయేసరికి షెడ్డు ఉన్న చోట వల పరిచి నెత్తళ్లు ఎండేసి ఉన్నాయి. గురవమ్మవే. చూడగానే నా మనసులో వచ్చిన మొదటి మాట, 'చూశావా, చోటు కోసమే' అని. ఆలిచిప్పలు కళ్లారా చూసి కూడా ఆ మాటే వచ్చింది. మబ్బు ఎవరికీ కనపడకపోవడం ఒకరకంగా మంచిదే.

సరుకు తూచాను. ఆమె నా వేళ్ల వైపు చూసింది. గంపలు ఆటోలోకి ఎక్కించేసరికి చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నిలబడడానికి మెరక మీద నీడ అనేది లేదు, ఉన్న ఒక్క నీడనూ నేనే పీకేశాను. అవతల గురవమ్మ ఇంటి చూరు కింద చల్లగా ఉంది, పుస్తకాలు ఇంకా అక్కడే దోపి ఉన్నాయి.

"నీళ్లు తాగు బాషా" అని చెంబు తెచ్చి ఇచ్చింది. సాయిబూ అనలేదు.

ఎండలోనే నిలబడి తాగి, చెంబు తిరిగి ఇచ్చాను. చూరు కిందికి రమ్మని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.